సీసా అడుగున పట్టిన మందు

పంజగుట్ట చౌరస్తా నుంచి అమీర్‌పేట వైపు వస్తుంటే, మెట్రో స్తంభాల నీడ పడే చోట రామకృష్ణ గారి మందుల షాపు ఉంది. హనుమాండ్లు అందులో ముప్ఫై మూడేళ్ళుగా పనిచేస్తున్నాడు. సిద్దిపేట దగ్గరి పల్లె నుంచి ఇంటర్ తప్పి వచ్చి, మొదట సీసాలు కడిగే పనిలో చేరాడు. ఆ రోజుల్లో షాపు వెనక గదిలో మందులు కలిపేవారు. డాక్టర్లు చీటీ మీద రాసిన పాళ్ళ ప్రకారం రామకృష్ణ గారు కల్వంలో నూరి, కొలిచి, సీసాల్లో పోసి ఇచ్చేవారు. గుడివాడ నుంచి వచ్చిన ఆ ఫార్మసిస్టుకి పాఠం చెప్పటమంటే మహా ఇష్టం. వినే మనిషి ఒక్కడుంటే చాలు.

"పానకం తాగావు కదా హనుమాండ్లూ. బెల్లం నీళ్ళలో కరిగిపోయింది. గుడ్డలో వడగట్టినా దొరకదు. సిరప్పంటే అలాంటిది. గోడకి వేసే సున్నం చూడు, కరగదు. నీళ్ళలో తేలుతూ ఉంటుంది, వదిలేస్తే దిగిపోతుంది. అది సస్పెన్షన్. పాలలో వెన్న ఉంటుంది, కంటికి కనపడదు. అది ఎమల్షన్. దాన్నే చిక్కగా చేస్తే క్రీము. నీళ్ళు లేకుండా వాసలీనుతోనో మైనంతోనో చేస్తే ఆయింట్‌మెంటు. ఇవన్నీ ఎప్పుడెప్పుడు పాడవుదామా అని చూస్తుంటాయి. వాటిని ఆపటమే మన పని."

హనుమాండ్లు ఆ మాటల్ని పట్టుకున్నాడు. వెనక గది మూతపడి, అంతా కంపెనీల నుంచే వస్తున్నా అతని అలవాటు పోలేదు. చుట్టాల ఇంటికి వెళ్ళినా, అలమరలో ఉన్న దగ్గు మందు సీసా తీసి మూత చుట్టూ చక్కెర పలుకులు కట్టిందేమో చూసేవాడు. ఎండాకాలంలో స్కూటీ డిక్కీలో పెట్టిన క్రీము ట్యూబు ఎవరైనా తెస్తే, వేలి మీద కొంచెం పిండి, నీరు వేరుగా వచ్చిందంటే "గిది పనికిరాదు, నూనె నీళ్ళు విడిపోయినయ్" అని అక్కడికక్కడే చెత్తబుట్టలో వేసేవాడు. అతనికి ఫార్మసీ సర్టిఫికెట్ లేదు కాబట్టి చీటీ చూసి మందు ఖరారు చేసేది ఫార్మసిస్టు దివ్యశ్రీ. ఇరవై ఏడేళ్ళ ఆ అమ్మాయి ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటూ, ఉదయం అమీర్‌పేటలో ప్రభుత్వ ఫార్మసిస్టు పరీక్షకి కోచింగ్ తీసుకుని, మధ్యాహ్నం నుంచి షాపులో కూర్చునేది. పుస్తకంలో ఉన్నది ఆమె చెప్పేది, సీసాలో కనిపించేది అతను చెప్పేవాడు. ఇద్దరికీ బాగా కుదిరింది.

జూన్ నెలలో ఒక సాయంత్రం మంజూష వచ్చింది. ఆమెది భీమవరం. బేగంపేటలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తుంది, ఇల్లు శ్రీనగర్ కాలనీలో. వెంట ఆరేళ్ళ కూతురు ధాత్రి ఉంది. ఆ పాపకి రెండేళ్ళుగా ఫిట్స్ వ్యాధి. రోజూ రెండు పూటలా తెల్లగా పాలలా ఉండే సస్పెన్షన్ మందు తాగాలి. ఎప్పుడూ షాపు మెట్లు గెంతుకుంటూ ఎక్కే పిల్ల ఆ రోజు ఒక్కో మెట్టూ చూసుకుని ఎక్కింది. పైకి వచ్చాక తూలి కౌంటరు అంచు పట్టుకుంది.

"అదే మందు ఇంకో సీసా ఇవ్వండి హనుమాండ్లు గారూ," అంది మంజూష. "ఏంటో, మూడు నెలల్నుంచీ ఏదీ బాగోలేదు. డోసు పెంచితే ఇలా తూలిపోతోంది, తగ్గిస్తే ఫిట్స్ వస్తున్నాయి. స్కూల్లో రెండుసార్లు పడిపోయింది. డాక్టర్ గారు కూడా తల పట్టుకుంటున్నారు."

హనుమాండ్లు సీసా అందుకోవటానికి చెయ్యి చాపి, అక్కడే ఆగాడు. మూడు నెలలు అన్న మాట దగ్గర అతని మనసు చిక్కుకుంది. అంతకుముందు ఇచ్చే కంపెనీ మందు మార్చిలో దొరకలేదు. డాక్టర్‌కి ఫోన్ చేసి అడిగి, అదే మందు వేరే కంపెనీది ఇచ్చారు. ఆ మొదటి సీసా కవర్లో పెట్టి ఇచ్చింది తనే.

"మేడం, ఫిట్స్ ఎప్పుడెప్పుడు వచ్చినయో రాసిపెట్టిన్రా?"

మంజూష బ్యాగులోంచి చిన్న నోటుబుక్కు తీసింది. ఫిట్స్ వచ్చిన రోజు, తూలిన రోజు, స్కూలు మానేసిన రోజు, కొత్త సీసా మూత తీసిన రోజు, అన్నీ అందులో ఉన్నాయి. సీసా తెరిచిన తేదీ రాసుకోమని చెప్పింది దివ్యశ్రీయే. ఆమె కుర్చీలోంచి లేచి వచ్చి నోటుబుక్కులోకి తొంగి చూసింది. హనుమాండ్లు వేలు ఒక్కో తేదీ మీదుగా జరిగింది. ఒక పేజీ అయింది, రెండో పేజీ అయింది. మూడో సీసా తేదీ దగ్గర వేలు ఆపాడు.

"బిడ్డా, చూడు. సీసా తెరిచిన మొదటి పది దినాలల్ల ఫిట్స్. ఆఖరి వారంల తూలుడు, నిద్ర. గిక్కడ సుత అంతే. గిక్కడ సుత అంతే. డోసు పెంచినా తగ్గించినా తేడా లేదు."

"అంటే పైన మందు లేదు, కింద ఎక్కువుంది," అంది దివ్యశ్రీ నెమ్మదిగా.

"కానీ నేను ప్రతిసారీ ఊపే పోస్తానండీ," అంది మంజూష. "బాగా ఊపుతాను. సీసా కొత్తగా ఉన్నప్పుడు అడుగున ఏదో అంటుకుని ఉంటుంది. సగం అయ్యాక అది పెళ్ళలుగా ఊడి కలిసిపోతుంది. అలాగే ఉంటుందేమో అనుకున్నాను."

హనుమాండ్లు అరలోంచి అదే మందు సీసా తీసుకుని తలకిందులు చేశాడు. ముదురు గోధుమ రంగు గాజు కావటంతో లోపల ఏమీ కనపడలేదు. దివ్యశ్రీ ఫోన్ లైటు వేసి సీసా వెనక పెట్టింది. మందు మూత వైపు జారింది. కానీ అడుగున వేలి మందాన ఒక తెల్లటి బిళ్ళ అతుక్కునే ఉంది, పైకప్పుకి సున్నం పట్టినట్టు. హనుమాండ్లు యాభైసార్లు ఊపాడు. బిళ్ళ కదల్లేదు. వందసార్లు ఊపాడు. చొక్కా చంకలు తడిశాయి గానీ బిళ్ళ అంచు కూడా చెదరలేదు. మరో సీసా తీశాడు, అదీ అంతే. ఈ మధ్యే మళ్ళీ రావటం మొదలైన పాత కంపెనీది ఒక్క సీసా ఉంటే దాన్ని తిప్పాడు. పదిసార్లు ఊపేసరికి అడుగు శుభ్రంగా అద్దంలా మెరిసింది.

లోపలి గదిలో డెబ్బై ఆరేళ్ళ రామకృష్ణ గారు పేపరు చదువుకుంటున్నారు. హనుమాండ్లు రెండు సీసాలూ పట్టుకుని దాదాపు పరుగెత్తాడు.

"సార్, గిది చూడుండ్రి. బిళ్ళ కట్టింది."

ఆయన కళ్ళజోడు సర్దుకుని సీసా తిప్పి చూసి, పేపరు పక్కన పడేశారు. "ఎన్నేళ్ళయిందయ్యా దీన్ని చూసి," అన్నారు. అంటూనే లేచి నిలబడ్డారు. మోకాళ్ళ నొప్పితో ఎవరో ఒకరు చెయ్యిస్తే గానీ లేవని మనిషి.

సీసా నిండుగా ఉన్నప్పుడు లోపల గాలికి చోటుండదు. ఎంత ఊపినా మందు గట్టిగా కొట్టుకోదు, అడుగున పట్టిన బిళ్ళ లేవదు. పాప తాగింది చాలావరకు రుచి, రంగు ఉన్న నీళ్ళే. సగం ఖాళీ అయ్యాక బిళ్ళ పెళ్ళలుగా విరిగి కలుస్తుంది. అప్పటినుంచి పాప చెంచాలో పడేది రెట్టింపు మందు. రామకృష్ణ గారు ఇది వివరిస్తుంటే మంజూష పాపని దగ్గరికి లాక్కుంది. ఆమెకి ఏడుపూ వస్తోంది, ధైర్యమూ వస్తోంది.

"అంటే దీనికి జబ్బు ముదరలేదా అండీ?"

"గదంతా డాక్టర్ సార్ చెప్తడు మేడం. ఇప్పుడే పోదాం. జర సీసా, నోటుబుక్కు పట్టుకోండ్రి," అన్నాడు హనుమాండ్లు.

పిల్లల నరాల డాక్టర్ రవికాంత్ క్లినిక్ రెండు సందుల అవతల ఉంది. హనుమాండ్లు ధాత్రిని ఎత్తుకుని నడిచాడు. రోడ్డు దాటేటప్పుడు ఆటోవాళ్ళ మీద కసరలేదు, ఎవరినీ పలకరించలేదు. తల నిండా ఆ మూడు పేజీల తేదీలే. డాక్టర్ నోటుబుక్కు చూశాడు, టార్చి వేసి సీసా చూశాడు.

"మూడు నెలలుగా నేను డోసు పెంచుతూ, తగ్గిస్తూ కూర్చున్నాను," అన్నాడు. "సీసా చూడాలని నాకు తట్టలేదు. ఈ పూట మందు ఆపండమ్మా. ముందు రక్తంలో ఎంత ఉందో చూద్దాం."

ఆ రాత్రికి రిపోర్టు వచ్చింది. రక్తంలో మందు ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువగా ఉంది. పాపని రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి, ఆ మోతాదు దిగాక పాత కంపెనీ మందు పాత డోసులోనే మొదలుపెట్టారు. నాలుగో రోజు ధాత్రి గోడ పట్టుకోకుండా నడిచిందని మంజూష షాపుకి ఫోన్ చేసి చెప్పింది. హనుమాండ్లు ఆ మాట కౌంటరు దగ్గరున్న ప్రతి మనిషికీ చెప్పాడు, సంబంధం లేనివాళ్ళకి కూడా.

దివ్యశ్రీ అప్పటికే ఆ కొత్త కంపెనీ మందు అంతా అరల్లోంచి తీసి పక్కన పెట్టి, ఔషధ నియంత్రణ అధికారులకి ఫిర్యాదు రాసింది. కంపెనీకి కూడా ఫోన్ చేసింది. అవతలివాళ్ళు మర్యాదగానే మాట్లాడారు గానీ నమ్మలేదు.

"మీ షాపులో వేడి ఎక్కువై ఉంటుంది మేడం. మా మందు కలిపి పెట్టి చూడండి. మిగతా కంపెనీలది గంటలో దిగిపోతుంది. మాది రోజంతా నిలబడుతుంది. దాంట్లోనే క్వాలిటీ తెలుస్తుంది."

దివ్యశ్రీకి కోపం వచ్చింది. రామకృష్ణ గారికి మాత్రం హుషారు వచ్చింది. "పెట్టి చూద్దాం. వాళ్ళు చెప్పిందే చేద్దాం," అన్నారు.

మూతపడిన వెనక గది తలుపు తెరిచారు. హనుమాండ్లు అటక మీద నుంచి మూతలున్న రెండు పొడుగాటి గాజు గొట్టాలు దింపి, కడిగి ఆరబెట్టాడు. ఒకదానిలో పాత కంపెనీ మందు పోశాడు. రెండో దానిలో కొత్త కంపెనీది. అడుగు బిళ్ళని గాజు కడ్డీతో గీకి, చిదిపి, పూర్తిగా కలిసేదాకా కలిపి పోశాడు. రెండూ ఒకే ఎత్తు, ఒకే తెలుపు. నీడగా, చల్లగా ఉండే చోట కౌంటరు వెనక అరలో పక్కపక్కన పెట్టి, గొట్టాల మీద సంఖ్యలు మాత్రమే అంటించారు. ఒకటో నంబరు పాతది, రెండో నంబరు కొత్తది. దివ్యశ్రీ గంట గంటకీ స్కెచ్ పెన్నుతో గీత గీసింది.

సాయంత్రానికి ఒకటో నంబరు సగానికి దిగిపోయింది. పైన తేటనీరు తేలింది. రెండో నంబరు మాత్రం మీగడ పాలలా అందంగా నిలబడి ఉంది.

పక్క జెరాక్స్ షాపు మహేశ్ వచ్చి చూశాడు. "అన్నా, ఏది మంచిదో నే చెప్తా. రెండోది. మొదటిది అప్పుడే ఇరిగిపోయింది."

చాయ్ తెచ్చినాయనా అదే అన్నాడు. బీపీ మాత్రల కోసం వచ్చిన రిటైర్డ్ హెడ్‌మాస్టారూ రెండోదే అన్నాడు. రోజులు గడిచేకొద్దీ ఆ గొట్టాల్ని చూడటానికే మనుషులు ఆగటం మొదలుపెట్టారు. పొద్దున్నే షట్టర్ ఎత్తగానే మహేశ్ వచ్చి "ఎంతున్నది స్కోరు?" అని అడిగేవాడు. హనుమాండ్లుకి ఇంట్లో అన్నం సయించలేదు. భార్య మంగవ్వ ఏమైందని అడిగితే సీసాల సంగతి చెప్పాడు. "ఓడితే ఏమైతది?" అని ఆమె అడిగింది. "ఓడితే నా కండ్లు తప్పు చూసినట్టు," అన్నాడు. లోపల అతనికి ఒక భయం ఉంది. నిజంగానే షాపు వేడికే పాడయ్యిందంటే, పాప అన్ని రోజులు పడ్డ బాధ తన అర దగ్గరే మొదలైనట్టు.

రామకృష్ణ గారు ఒక మధ్యాహ్నం అతన్ని కూర్చోబెట్టి చెప్పారు. "చూడు, ఒకటో దాంట్లో రేణువులు గుంపులు కట్టాయి. గుంపు బరువు, తొందరగా దిగుతుంది. కానీ దిగాక దూదిపింజల్లా వదులుగా కూర్చుంటుంది. ఊపితే లేస్తుంది. రెండో దాంట్లో రేణువులు దేనికది విడిగా ఉన్నాయి. మెల్లగా దిగుతాయి. దిగి, ఒకదాని సందులో ఒకటి సర్దుకుని, అడుగున గచ్చులా బిగుసుకుంటాయి. చూపుకి బాగున్నదే మోసం చేస్తుంది. వేడి దీనికి కారణం కాదు. మందు కూర్చిన తీరే కారణం."

ఆరో రోజున డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ అరుణాదేవి వచ్చింది. మూత తీయని సీసాలు నమూనాగా తీసుకుని, సీలు వేసి, కాగితాల మీద దివ్యశ్రీ సంతకం పెట్టించుకుంది. వెళ్ళబోతూ అరలో గొట్టాల్ని చూసి ఆగింది.

"ఇవేంటండీ?"

హనుమాండ్లు చెప్పాడు. మధ్యలో ఆగి నీళ్ళు తాగి మళ్ళీ చెప్పాడు. ఆమె గొట్టాల దగ్గరికి వంగి చాలాసేపు చూసింది. "ల్యాబ్ రిపోర్టే నాకు లెక్క. ఇది కాదు. కానీ వీటిని ఎప్పుడు కదుపుతారో చెప్పండి, వస్తాను," అంది.

పన్నెండో రోజు శనివారం. పదకొండింటికి అరుణాదేవి వచ్చింది. డాక్టర్ రవికాంత్ క్లినిక్ మధ్యలో వదిలేసి వచ్చాడు. మంజూష ధాత్రిని తీసుకొచ్చింది. పాప మెట్లు గెంతుకుంటూ ఎక్కటం హనుమాండ్లు చూశాడు. మహేశ్ జెరాక్స్ మిషన్ ఆపేసి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. రెండు గొట్టాల్లోనూ పైన తేటనీరే ఉంది. ఒకటో దాంట్లో తెల్లటి మడ్డి సగం ఎత్తు దాకా ఉబ్బి ఉంది. రెండో దాంట్లో అడుగున పలచటి బిళ్ళ.

"ఎవరు తిప్పుతారు?" అంది దివ్యశ్రీ.

రామకృష్ణ గారు హనుమాండ్లు వైపు చూశారు. అతను చేతులు తుడుచుకుని ఒకటో గొట్టం తీసి నెమ్మదిగా తలకిందులు చేశాడు. మడ్డి మేఘంలా కదిలి కిందికి జారింది. మళ్ళీ నిలబెట్టాడు, మళ్ళీ తిప్పాడు. దివ్యశ్రీ పైకే లెక్కపెట్టింది. ఏడోసారికి గొట్టం అంతా ఒకే తెలుపు. అడుగున మచ్చ లేదు.

రెండోది తీశాడు. ఏడుసార్లు తిప్పాడు. ఇరవైసార్లు తిప్పాడు. నీరు కొంచెం మసకబారింది అంతే. నలభై దగ్గర అతను ఆపి గొట్టాన్ని తలకిందులుగానే పట్టుకున్నాడు. తెల్లటి బిళ్ళ పైన అతుక్కుని ఉంది. అందరూ తలలు ఎత్తి దాన్నే చూశారు.

"ఇంకా పడదా?" అని ధాత్రి అడిగింది.

"పడదు తల్లీ. గిదే నిన్ను సతాయించింది," అన్నాడు హనుమాండ్లు.

మహేశ్ తల గోక్కున్నాడు. "నేనైతే పన్నెండు దినాలు దీనికే ఓటేసిన," అన్నాడు. అందరూ నవ్వారు. డాక్టర్ రవికాంత్ హనుమాండ్లు చేతిలోంచి గొట్టం తీసుకుని తను కూడా తిప్పి చూశాడు. తనివి తీరక ఇంకోసారి తిప్పాడు. అరుణాదేవి ఫోన్లో వీడియో తీసుకుంది.

ల్యాబ్ రిపోర్టుకి ఏడు వారాలు పట్టింది. మామూలుగా ఊపి పోస్తే సీసా పైభాగంలో ఉండాల్సిన మందులో మూడో వంతు కూడా లేదని తేలింది. ఆ బ్యాచ్‌ని అన్ని ఊళ్ళ నుంచీ వెనక్కి తెప్పించారు. కంపెనీ నుంచి ఒక పెద్దాయన స్వయంగా షాపుకి వచ్చి, ఖర్చు తగ్గుతుందని చిక్కదనం ఇచ్చే పదార్థం మార్చామనీ, ఆరు నెలలు అరలో ఉంచి చూడాల్సిన పరీక్ష తొందరలో పూర్తి చెయ్యలేదనీ తలవంచుకుని ఒప్పుకున్నాడు. ఇంకో నాలుగు ఊళ్ళలో ఇలాగే ఇబ్బంది పడుతున్న పిల్లల వివరాలు ఆ తర్వాత బయటపడ్డాయి. ఆ సంగతి అరుణాదేవి ఫోన్ చేసి చెప్పినప్పుడు హనుమాండ్లు ఫోన్ పెట్టేసి లోపలి గదిలోకి వెళ్ళాడు. రామకృష్ణ గారి కాళ్ళకి దండం పెట్టబోతే ఆయన పెట్టనివ్వలేదు. "నేను పాఠం చెప్పి మర్చిపోయాను. నువ్వు గుర్తుపెట్టుకున్నావు," అన్నారు.

సెప్టెంబరులో దివ్యశ్రీ అతన్ని తన కోచింగ్ సెంటర్‌కి తీసుకెళ్ళింది. ద్రవరూప మందుల పాఠం వచ్చిందనీ, మాస్టారు రమ్మన్నారనీ చెప్పింది. అమీర్‌పేటలో బోర్డుల మీద బోర్డులు కట్టిన భవనంలో మూడో అంతస్తు. తొంభై మంది పిల్లలు. హనుమాండ్లు ఇస్త్రీ చొక్కా వేసుకుని సంచీ నిండా సీసాలతో వెళ్ళాడు. మొదటి రెండు నిమిషాలు సీసాలు బల్ల మీద వరసగా పేర్చాడు. తర్వాత సిరప్పు మూత చుట్టూ చక్కెర ఎందుకు పేరుకుంటుందో, పొడి మందులో నీళ్ళు గీత దాటి పోస్తే ఏమవుతుందో, కలిపాక ఏడు రోజులు దాటితే ఎందుకు పారెయ్యాలో, మీగడ కట్టిన ఎమల్షన్‌కీ విరిగిపోయిన దానికీ తేడా ఏమిటో చెప్పటం మొదలుపెట్టాడు. సీసాలు బెంచీల మీదుగా చేతులు మారాయి. పిల్లలు ముక్కు దగ్గర పెట్టుకున్నారు, వెలుగుకి పట్టుకున్నారు, ప్రశ్న మీద ప్రశ్న అడిగారు. నలభై నిమిషాల క్లాసు గంటన్నర నడిచింది.

చివర్లో మానస అనే అమ్మాయి లేచి తన బ్యాగులోంచి ఒక చిన్న డబ్బా తీసింది. కాలేజీలో ప్రాజెక్టు కోసం తనే చేసిన జెల్ అట. నిలబెడితే గట్టిగా ముద్దలా ఉంది. ఊపగానే నీళ్ళలా పారింది. బల్ల మీద పెట్టి రెండు నిమిషాలు ఆగితే మళ్ళీ ముద్ద కట్టింది.

హనుమాండ్లు డబ్బా చేతిలోకి తీసుకుని మూడుసార్లు ఊపాడు, మూడుసార్లు ఆగాడు. ముప్ఫై మూడేళ్ళలో ఇలాంటిది అతను చేత్తో పట్టుకోలేదు.

"గిది ఎట్లయితున్నది బిడ్డా? నాకు తెల్వదు. జర చెప్పు," అన్నాడు.

మానస బోర్డు దగ్గరికి వెళ్ళి, సుద్దముక్కతో అల్లికలా గీతలు గీసి, ఊపినప్పుడు ఆ అల్లిక ఎలా తెగుతుందో, ఆగినప్పుడు ఎలా మళ్ళీ ముడిపడుతుందో చెప్పింది. హనుమాండ్లు మొదటి బెంచీలో ఇద్దరు కుర్రాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చుని విన్నాడు. అర్థం కాని చోట ఆపి అడిగాడు. ఇప్పుడు ఆదివారాలు పొద్దున పూట షాపులో అతను దొరకడు. అమీర్‌పేటలో క్లాసు వినటానికి వెళ్తాడు.